ఎర్ర గీతకు పడిన వంపు

మొన్న మనవరాలు ఫోన్లో ఎమిరేట్స్ మ్యాపు చూస్తూ, తిన్నగా పోయే రోడ్డు ఒక్కచోట ఎందుకు వంగిందని అడిగింది. డెబ్బైల చివర్లో ఒక చలికాలం ఉదయం ఆ చోట ఉన్నది ఇంతే: డిప్లొమా పాసై సర్వేయరుగా వెళ్లిన నేను, కొలతకర్ర పట్టే కరీంనగర్ తమ్ముడు, నెల్లూరు డ్రైవర్ భాయ్, ఒక జీపు, ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ ఒకటి, ఒక మ్యాపు. కొద్ది దూరంలో ఒంటెలు, ఒక బావి, వాటి యజమాని అయిన ముసలాయన. బావి మా మ్యాపులో లేదు.

ఆ మ్యాపులో కాంటూరు గీతకూ గీతకూ ఇరవై మీటర్ల ఎత్తు తేడా. గీతలు ఒత్తుగా ఉంటే కొండ, ఎడంగా ఉంటే మైదానం. ఆ గులకరాళ్ల మేతభూమి రెండు గీతల మధ్య తెల్లగా, ఖాళీగా పడి ఉండేది. దుబాయ్ సత్వా పేటలో ఎనిమిదిమందిమి సర్దుకునే గదిలో, నా మంచం మీద దాన్ని పరుచుకుని చూస్తుంటే అంత చోటూ నాదే అనిపించేది. ఆఫీసులో ముదీర్‌కూ, అంటే మా మేనేజరుకూ, ఆ తెలుపు నచ్చింది. దాని మీద ఎర్ర పెన్సిల్‌తో రోడ్డు గీత లాగాడు. నేల మీద ఆ గీత సరిగ్గా బావి మీదుగా పోయింది.

ముసలాయన ముందు మమ్మల్ని కూర్చోబెట్టి చిన్న గిన్నెల్లో గహ్వా, అదే అరబ్బుల చేదు కాఫీ, పోశాడు. చాలనుకుంటే ఖాళీ గిన్నెను కాస్త ఊపి ఇవ్వాలి. తమ్ముడికి అది తెలియదు. పెద్దమనిషి పోస్తుంటే వద్దనడం తప్పనుకుని తాగుతూనే ఉన్నాడు.

"సారూ, గీ చేదు నీళ్లు ఇంకెన్ని తాగాలె? పానం వోతున్నది!"

"గిన్నె ఊపబ్బయ్యా! నువ్వు ఊపిందాకా ఆయన పోస్తానే ఉంటాడు," అని భాయ్ పడీపడీ నవ్వాడు.

అప్పుడు ముసలాయన ఏదో అడిగాడు. భాయ్ నవ్వు ఆగిపోయింది. "బావి పూడుస్తారా అంటుండాడు సార్. ఎండాకాలం ఒంటెలకి ఈ నీళ్లు తప్ప ఇంకోటి లేదంట."

ఒంటెల గురించి చెబితే ముదీర్ వినడు, అంకెలు చెబితే వింటాడు. లెవెల్ నిలబెట్టాను. తమ్ముడు కర్ర పట్టుకుని బావి వైపు నడుస్తుంటే కర్ర కిందికి దిగుతూ పోయింది.

"సారూ, ఈడ వాగు పారినట్టుంది! అంతా ఇసుకనే!"

రెండు గీతల మధ్య మ్యాపుకు అందని పల్లం అది. బావి దగ్గరికి రెండు మీటర్లు దిగింది. మర్నాడు ఆ లెక్కలు ముదీర్ ముందు పెట్టి, ఇక్కడ రోడ్డు వేస్తే పెద్ద వానకు కొట్టుకుపోతుందన్నాను. ఆయన కాసేపు చూసి, రబ్బరు తీసుకుని గీత చెరిపాడు. "ఖలాస్. పక్కకు జరుపు," అన్నాడు. బావి గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మనవరాలి ఫోన్లో ఆ తెలుపు లేదు. అంతా గోదాముల కప్పులే. బావి ఉందో లేదో పోల్చుకోలేకపోయాను. ఇన్నేళ్ల కాలం ఆ ఖాళీనంతా నింపేసింది కానీ, ఆ వంపును సరిచేసే తీరిక దానికి దొరికినట్టు లేదు. రోడ్డు ఎంత పక్కకు జరిగిందో మనవరాలు వేలితో కొలిచి చెప్పింది. ఆరు వందల మీటర్లు.