చిన్నమెదడు మీద నేనిచ్చిన హామీ

అన్నకు చిన్నమెదడులో రక్తం గడ్డకట్టిందని డాక్టర్ చెప్పినప్పుడు, ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ధైర్యం చెప్పే పని నా మీద పడింది. జువాలజీలో మెదడు బొమ్మకు నాకు మంచి మార్కులే వచ్చాయి. చిన్నమెదడు నిలకడ చూసుకుంటుంది, మాటల సంగతి పెద్దమెదడుది. "నడక జర తూలుతది వదినా, మాటకేం కాదు," అన్నాను. వదిన నమ్మింది. ఆమె నమ్మడం చూసి నేనూ నమ్మాను.

అన్న శంషాబాద్‌లో రోడ్డు పక్క టిఫిన్ హోటల్లో సర్వర్. విమానాశ్రయం వచ్చాక అక్కడ తినేది ఎక్కువగా క్యాబ్ డ్రైవర్లే. పదిమంది ఒకేసారి చెప్పినా అన్న కాగితం ముట్టేవాడు కాదు. వంటగది కిటికీ దగ్గర నిలబడి ఒక్క గుక్కలో అన్నీ అప్పజెప్పేవాడు, ఎవరి పెసరట్టులో ఉల్లిగడ్డ వద్దో దాంతో సహా.

రెండు నెలలకు గోడ పట్టుకుని నడిచాడు. ఇంట్లో మాట్లాడేది రెండు ముక్కలే, అవి బాగానే వచ్చేవి. హోటల్ యజమాని గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. "ప్లేట్లు మోయగలడంటారా? సాంబారు ఎవరి మీదైనా పడితే బాగుండదు కదండీ," అన్నాడు.

"మోయనివ్వకండి. కిటికీ దగ్గర కుర్చీ వేయండి. ఆర్డర్లు విని లోపలికి చెప్తాడు. నోటికి నాది పూచీ."

"వారం చూద్దామండీ. కుదరకపోతే వేరే మనిషిని పెట్టుకోవాలి."

వదిన కుట్టుమిషన్ కాక ఆ ఇంటికి ఉన్నది ఆ ఉద్యోగమే.

మొదటి రోజు నేనూ వెళ్లాను. నలుగురు డ్రైవర్లు కూర్చున్నారు. "అన్నా, వచ్చినవా! రెండు ఇడ్లీ, ఒక ఉప్మా, ఒక పూరీ, నాకు పెసరట్టు."

అన్న కిటికీ వైపు తిరిగాడు. "రెండు ఇడ్లీ... పెసరట్టు... గదే... రవ్వతోని చేస్తరు చూడు..."

డ్రైవర్లు నవ్వారు. అన్న మామూలుగానే వేళాకోళం మనిషి. "రెండు నెలలు ఇంట్ల పండంగనే పేర్లు గూడ మరిచినవా?" అన్నాడొకడు. నేనూ నవ్వాను. వాళ్లు మళ్లీ చెప్పారు. ఈసారి ఇడ్లీ దగ్గరే ఆగిపోయాడు. అప్పుడు చూశాను. కుర్చీలో కూర్చున్న మనిషి, పడిపోతానన్నట్టు కిటికీ చెక్కను రెండు చేతులా పట్టుకున్నాడు. నా నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు.

మధ్యాహ్నం దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టర్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "విన్న మాటలు కాసేపు నిలవాలంటే లోపల గొణుక్కుంటాం కదా, ఆ గొణుగుడు వరస తప్పకుండా చూడటంలో చిన్నమెదడుకూ పనుంది. పేర్లు టక్కున దొరకడంలోనూ ఉంది. అందరికీ ఇలా అవ్వదు. మెల్లగా కొంత తిరిగి రావచ్చు."

"మా పుస్తకంలో లేదు సార్."

"మీ పుస్తకం ఎప్పటిది?"

మనిషిలో దెబ్బతిన్నదేదో సరిగ్గా దానితో చేసే ఉద్యోగమే నేను ఇప్పించానని అర్థమవుతోంది.

బయటికొచ్చాక ఆర్డర్లు చీటీ మీద రాసుకోమన్నాను. చెయ్యి వణికి అక్షరాలు కుదరలేదు. అన్న చీటీ నాకిచ్చేశాడు. తర్వాత, "తమ్మీ, ఒక్కటైతే యాదుంటది. నాలుగు చెప్తె ఒకదాంట్ల ఒకటి కలుస్తున్నయ్," అన్నాడు.

మర్నాడు కుర్చీ తనే పక్కకు జరిపాడు. బల్లలు పట్టుకుంటూ ఒక డ్రైవర్ దగ్గరికి వెళ్లి అడిగాడు. "పూరీ, పూరీ, పూరీ" అని పైకే అనుకుంటూ కిటికీ దాకా వచ్చాడు. ప్లేటు తనే మోసుకెళ్లి పెట్టి, రెండోవాణ్ని అడిగాడు. నేను చేతులు ముందుకు చాపి ఎదురెదురుగా తిరిగాను. ప్లేటు వంకరగా వెళ్లింది గానీ పడలేదు. "ఏందిరా, గోల్‌కీపర్ లెక్క అడ్డం నిలవడ్డవ్? జరుగు," అన్నాడు.

వారం తర్వాత యజమాని వేరే మనిషిని పెట్టుకున్నాడు. అన్నను తీసేయలేదు, చివరి రెండు బల్లలు ఇచ్చాడు, జీతం సగం. వస్తూనే డ్రైవర్లు ఫోన్లలో విమానాల వేళలు చూసుకునేవాళ్లు. తాము ఎక్కించుకోవాల్సినవాళ్ల విమానం ఆలస్యమై తొందర లేనివాళ్లు వెళ్లి అన్న బల్లల దగ్గర కూర్చునేవాళ్లు.