ముందే దొరికిన మాట

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు మాటల పిచ్చి పట్టింది. మామూలు మాటలు కావు, ఒకే ఒక్క వస్తువుకో పనికో తప్ప మరెక్కడా పనికిరానివి. బూటు లేసు చివర ఉండే గొట్టం అగ్లెట్. ముక్కుకీ పైపెదవికీ మధ్య ఉన్న గాడి ఫిల్ట్రమ్. ఇంగ్లీషులో నవల రాస్తున్నానని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నవల నలభై పేజీల దగ్గర చతికిలబడింది. మాటల నోటుబుక్కులు మాత్రం మూడయ్యాయి.

నా ఉద్యోగం మా ఊరి చివర తట్టాంచావడి అనే పేటలో. విదేశీ వైద్య పత్రికల వ్యాసాల్లో భాష దిద్దాలి. కార్ఫాలజీ అన్న మాట నాకు అక్కడే దొరికింది. చావు దగ్గరపడి స్పృహ సరిగా లేని మనిషి దుప్పటిని ఊరికే గిల్లుతూ, లేని పోగులు ఏరుతూ ఉంటాడట. దానికీ ఒక పేరు పెట్టారు! ఆ సాయంత్రం స్కూటర్ మీద ఇల్లు చేరేదాకా దాన్ని బెల్లంముక్కలా చప్పరించాను. ఇంట్లో చెబితే వినేవాళ్ళు లేరు. మాది తరాలుగా బజారులో గుడ్డల వ్యాపారం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. తెలుగు అక్షరాలు నాకూ అప్పటికి రావు.

రెండేళ్ళ తర్వాత నాన్న మంచాన పడ్డాడు. మందులు వాడుతూ చూద్దామని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపారు. వారానికి మాట కూడా పోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ గట్టిగా పిలిచింది.

"రారా! మీ నాయన చెయ్యి చూడు. గుడ్డ పట్టి చూస్తా ఉండాడు. అంగడి గ్యాపకం వచ్చేసింది. ఇంక లేస్తాడు."

నాన్న బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దుప్పటి అంచు నలుగుతోంది. అంగట్లోనూ ఆయన అంతే. కళ్ళు మూసుకుని, బట్టను రెండు వేళ్ళతో నలిపి, నూలు ఎంత సన్ననిదో చెప్పేసేవాడు. అమ్మ నమ్మడంలో తప్పేమీ లేదు. కార్ఫాలజీ అన్న మాట తెలియకపోతే నేనూ నమ్మేవాణ్ణి.

నిజం చెబుతున్నాను, నాకు ముందు సంతోషమేసింది. మూడు నోటుబుక్కుల్లోంచి ఒక మాట లేచొచ్చి కళ్ళెదుట నిలబడింది. ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. భయం లేదు, ఏడుపు రాలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఆ మధ్యాహ్నం మొద్దుబారే ఉంటుంది.

"అక్కకు చెప్దామా?" అంది అమ్మ. అక్క ఏంబలంలో ఉంటుంది. బస్సెక్కితే గంట కూడా పట్టదు. "నాట్ల కాలం గదా, మీ బావ వేరే ఊరు పోయుండాడు. ఎరువుల అంగట్లో అది ఒక్కతే. నాయన బాగుపడతా ఉండాడు, నిదానంగా రానీలే. ఏమంటావు?"

ఇప్పుడే రమ్మనాలి. అలా అంటే అమ్మ ఎందుకని అడుగుతుంది. అమ్మ ముఖం అప్పుడే కాస్త తేటపడింది.

"సరేమ్మా, రేపు చెప్దాం," అన్నాను. గదిలోకి వెళ్ళి నోటుబుక్కు తీసి, ఆ మాట పక్కన ఒక టిక్కు పెట్టాను.

మర్నాడు పొద్దున కాఫీ వేళకు నాన్న పోయాడు.

అక్క ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చింది. జుట్టు కూడా దువ్వుకోలేదు. ఏడవకుండా నాన్న చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అప్పటికే ఆ చెయ్యి చల్లబడింది.

"నిన్న ఎట్ల ఉండె?" అని అడిగింది.

"బాగుండెనే. గుడ్డ పట్టి చూసె," అని అమ్మ భోరుమంది.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు దిద్దేది డాక్టర్లు రాసేవే గదరా. నీకేం తెలీలేదా?"

"తెలీలేదక్కా," అన్నాను.

అక్క దగ్గరకొచ్చి నా తల నిమిరింది. "పోనీలేరా," అంది. "నీకు మాత్రం ఎట్ల తెలుస్తుంది?"