అడగకుండా కోసిన పూలు

మస్కట్‌లోని వాడి కబీర్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాక ఖాళీగా కూర్చోలేక దగ్గర్లోని ఇండియన్ స్కూలుకు వెళ్లడం మొదలుపెట్టాను. క్రమశిక్షణ తప్పారని క్లాసులోంచి పంపేసిన పిల్లలకు అక్కడ లైబ్రరీ వెనక ఒక గది ఉంది. వాళ్ల దగ్గర కూర్చుని చదివించే మనిషి లేక, రిటైరైన లెక్కల టీచర్నని తెలిసి నన్ను పిలిచారు. స్కూలు వాళ్లు దాన్ని స్టడీ రూమ్ అంటారు, పిల్లలు జైలంటారు. నా పద్ధతి నాది. బోర్డు మీద తేదీ వేయందే పాఠం మొదలుపెట్టను, తేదీ లేని పేజీ దిద్దను.

ఇక్కడ బడికి సెలవులు శుక్ర, శనివారాలు. దసరా ముందు ఒక ఆదివారం ఆ గదికి తొమ్మిదో తరగతి పిల్ల వచ్చింది. జగిత్యాల వైపు వాళ్లు. తండ్రి ఒక కంపెనీలో ఫోర్‌మన్. బస్సులో కొట్లాడిందని ఒకసారి, టీచరుకు ఎదురు చెప్పిందని ఇంకోసారి ఆ పిల్లకు అప్పటికే హెచ్చరికలు ఉన్నాయి. ఈసారి గేటు పక్క కుండీల్లో ఉన్న బిళ్లగన్నేరు పూలన్నీ, ఒక్కటి మిగల్చకుండా, బతుకమ్మకని కోసుకుపోయింది. ఆ మర్నాడే స్కూలు చూడడానికి బయటి నుంచి వచ్చిన పెద్దలకు బోసి కుండీలే కనిపించాయి.

"తంగేడు పువ్వు ఈడ యాడ దొరుకుతది మేడం? బంతిపూలు గూడ అయిపోయినయ్. బిల్డింగుల అందరి బతుకమ్మలు గంత పెద్దగుంటే మాది గింతే ఉండాల్నా?"

"అడగొచ్చుగా?"

"అడిగితే ఇస్తరా?"

"ఇవ్వరు."

"మరి?"

నవ్వు వచ్చింది కానీ బయటపడనివ్వలేదు.

అసలు సంగతి ఆ సాయంత్రం వాళ్లమ్మ నోట విన్నాను. గేటు దగ్గర నన్ను ఆపి చెయ్యి పట్టుకుంది. "దీన్ని మళ్ల క్లాసుల కూసోవెట్టకుంటే మా ఇద్దర్ని ఊరికి తోలిస్తనంటుండు అమ్మా, వాళ్ల నాయిన. ఫోన్ల టికెట్లు గూడ సూస్తుండు. ఇది పుట్టిందే ఈడ. అక్కడ ఏ బడి తెలుసు, ఎవరు తెలుసు దీనికి?"

క్లాసులోకి రావడానికి స్కూలు పెట్టిన షరతు చిన్నదే. హెడ్‌మిస్ట్రెస్ ముందు నిలబడి, మొక్కలు పాడు చేశాను, క్షమించండి అనాలి. గురువారం దాకా గడువు. పిల్ల అననంటుంది. టీచర్లంతా దానికి పొగరు అనేశారు. మర్నాడు గదిలో నేనే అడిగాను.

"పువ్వులు తెంపిన. అదైతే అంటా. మొక్కలను పాడు జెయ్యలే మేడం, గోటితోని గిల్లిన. ఒక్క కొమ్మ ఇరగలే. చెయ్యని పని చేసిన అని ఎందుకనాలె?"

తప్పు జవాబుకు రైటు కొట్టడానికి నాకూ చెయ్యి రాదు. "నేను చూసొస్తాను. అబద్ధమని తేలితే మాత్రం నీ పదో తరగతి కూడా ఈ గదిలోనే."

"సూడుండ్రి. నేను గూడ వస్త."

"నువ్వు కూర్చుని ఆ మూడో లెక్క మళ్లీ చెయ్యి. గుర్తు మార్చడం మరిచావు."

ఎండలో గొడుగు వేసుకుని వెళ్లి ప్రతి కుండీ వంగి చూశాను. మొక్కలు నిక్షేపంగా ఉన్నాయి, కొత్త మొగ్గలు విచ్చుకుంటున్నాయి. చివరి కుండీలో మాత్రం ఒక కొమ్మ విరిగి వేలాడుతోంది. వచ్చి ఆ మాట చెప్పాను.

పిల్ల కాసేపు పెన్ను మూత నమిలింది. "బస్సు హారన్ గొట్టిండు, ఉరికిన. అది నేనే గావొచ్చు."

"అయితే అదీ చెప్పాలి."

"చెప్త."

హెడ్‌మిస్ట్రెస్ హైదరాబాదావిడ. వెళ్లి ఇదంతా చెప్పాను. "మీరు కూడా దాని వైపే మాట్లాడితే ఎలాగండీ?" అంది నాతో.

"నేను దాని వైపూ కాదు, మీ వైపూ కాదమ్మా. ఒక్కసారి కుండీలు చూడండి."

చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వచ్చింది. చూసింది. విరిగిన కొమ్మను వేలితో కదిపి, "మా అమ్మ ఇట్లాగే పక్కింటి వాళ్ల చెట్లు ఖాళీ చేసేది. ఊరంతా తిట్టేది," అని నవ్వేసింది. "సరే, అది ఏమంటుందో విందాం."

పిల్ల ఆవిడ గదిలో బల్ల ముందు నిలబడింది. నేను తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాను. దాని నోరు ఎంత దురుసో తెలుసు కాబట్టి దాని మీంచి చూపు తిప్పలేదు.

"అడుగకుండ పువ్వులన్ని తెంపిన మేడం. తప్పే. ఒక కొమ్మ ఇరిగింది. సారీ."

"మళ్లీ బస్సులో కొట్లాట అని నా దాకా వస్తే?"

"వాళ్లే లొల్లి వెట్టుకుంటే..." అని నా వైపు చూసి మింగేసింది. "రాదు మేడం."

"పో. సైన్స్ పీరియడ్ మొదలైంది."

దణ్ణం కూడా పెట్టకుండా పరుగెత్తింది. సగం దూరం వెళ్లి సంచీ కోసం వెనక్కి వచ్చి మళ్లీ పరుగెత్తింది. వాళ్ల క్లాసు తలుపు తెరుచుకోవడం, లోపల పిల్లలు గోలగా అరవడం, టీచరు కసిరితే గోల అణగడం అన్నీ వరండాలో నిలబడి విన్నాను.

మధ్యాహ్నం వాళ్లమ్మ ఫోన్ చేసింది. "టికెట్లు సూసుడు బంద్ వెట్టిండమ్మా," అని ఏడ్చింది, నవ్వింది, ఏం కూర వండి పంపమంటారని అడిగింది. కారం తగ్గించమన్నాను.

ఆ పూట గదిలో ఇంకెవరూ లేరు. తాళం వేసి, టైముకు ముందే ఇంటికి వెళ్లిపోయాను. ఒంట్లో బాగాలేదా అమ్మా అంది మా అమ్మాయి. బాగానే ఉందన్నాను.