మామయ్య నేసిన నా ఏడాది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అని సామెత ఉంది కదా, మా ఇంట్లో దుత్త లేదు, స్టీలు గిన్నెలున్నాయి. పెళ్లయి వరంగల్ వచ్చిన కొత్తలో వాటిని నేను తోమే తీరు చూసి, "జర మెల్లగ తోము బిడ్డా, అవి నీకేం జేసినయ్?" అనేది అత్తమ్మ.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో మగ్గం, దాని మీద మామయ్య, పక్కన మా ఆయన. ఆ టకటకల్లో నేను ఏం గొణిగినా ఎవరికీ వినపడదు. వినేవాళ్లు లేనప్పుడు గొణగడంలో మజా ఏముంటుంది? అందుకే డైరీ రాయడం మొదలుపెట్టాను.

పుస్తకం కోసం బజారుకు కూడా పోలేదు. డిజైన్లు గీసుకునే గళ్ల పుస్తకాలు ఇంట్లో చాలానే పడి ఉంటాయి. ఒకటి తీసుకున్నాను. వెనక పేజీల్లో రెండు మూడు ముక్కలు రాసేదాన్ని. ముందు ఒక పేజీలో మాత్రం ఏడాదంతా గీసుకున్నాను: వరుసకో నెల, గడికో రోజు. కోపమొస్తే ఎరుపు, సంతోషమైతే పసుపు, దిగులుకు నీలం, ఏమీ జరగని రోజుకు ఆకుపచ్చ. స్కెచ్ పెన్నుతో గడి నింపేటప్పుడు చిన్నపిల్లలా నాలుక బయటపెడతానట, మా ఆయన నవ్వుతాడు.

ఈ పని నాకు ఇంత మేలు చేస్తుందని అనుకోలేదు. ఒక రోజు, "అత్తమ్మ నా చాయ్‌లో చక్కెర తక్కువేసింది. కావాలనే" అని రాసి గడికి ఎర్రరంగు కసిగా పులిమాను. మర్నాడు తెలిసింది, డబ్బాలో ఉన్న కాస్త చక్కెరా నా చాయ్‌లోనే వేసి, తను చప్పటి చాయ్ తాగిందట. ఆ సంగతీ రాసి, రెండు రాతలూ ఒకదాని కింద ఒకటి చదువుకుని పడీ పడీ నవ్వాను. అప్పటినుంచి కోపం రాగానే, దీన్ని రేపు చదివితే ఎలా ఉంటుందో అని ముందే నవ్వొచ్చేది. గిన్నెల చప్పుడు తగ్గింది.

అసలు నా ఆశ వేరు. నేను గీసిన బొమ్మ ఒక్కటైనా మగ్గమెక్కాలి. ఎప్పుడడిగినా మామయ్య, "బీకాం చదువుకున్న పిల్లవు, నీకెందుకు గీ ఫికర్?" అని మాట దాటేసేవారు. చివరికి హన్మకొండ దుకాణం సేటు వచ్చి, మామయ్య నేసే చారల జంపఖానాలు ఇక అమ్ముడుపోవని, కొత్తది చూపిస్తేనే తీసుకుంటానని తేల్చేశాడు. అప్పుడు మామయ్య నా వైపు తిరిగారు.

"సరే, నీదే ఒక్కటి ఏస్త. మంచిగ రాలేదనుకో, మల్ల అడగద్దు."

రాత్రీ పగలూ కూర్చుని చిలకల జంట గీశాను. అదే గళ్ల పుస్తకంలో. ఇంతలో డిసెంబరు సగంలో, తొర్రూరులో మా అక్కకు కాన్పు దగ్గరపడింది. చిలకల పేజీకి క్లిప్పు పెట్టి, పుస్తకం మామయ్య చేతికిచ్చి బస్సెక్కాను.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ బుజ్జి పిడికిలి విప్పడంలోనే రోజులు గడిచిపోయాయి. ఫోన్ చేస్తే మా ఆయన, "నాయిన మస్తు ఖుషీగ నేస్తాండు, నువ్వొచ్చి సూడు" అనేవాడు. ఇంకేమైనా అడిగితే నా దిష్టే తగులుతుందని అడగలేదు.

తిరిగొచ్చి చూద్దును కదా, మగ్గం మీద చిలకలు లేవు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గడులు. నా ఏడాది!

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు వెలిగింది. మగ్గమెక్కాల్సిన పేజీలో నూలు పోగు పెట్టడం ఈ ఇంటి అలవాటు. ఇంటినిండా పోగులే కనక నేను రంగుల పేజీకి గుర్తుగా పెట్టుకున్నదీ నూలు పోగే. మామయ్య పోగు చూశారు, క్లిప్పు పక్కన పడేశారు.

"గీ అంచుకు మెట్లు మెట్లుగ మంచిగ ఇచ్చినవ్ పిల్లా" అన్నారు మామయ్య మెచ్చుకోలుగా. అవి ముప్పై రోజుల నెలలు. ఆ లోతైన మెట్టు ఫిబ్రవరి.

ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. మగ్గం పక్కనే కూలబడి, కడుపు పట్టుకుని, గడులంటే ఏమిటో, చిలకలు ఏ పేజీలో ఉన్నాయో చెప్పేశాను. మగ్గం ఆగిపోయింది. అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి కళ్లద్దాలు సర్దుకుంది.

"గా ఎర్రదంత నా మీదనేనా?"

"అంతా కాదత్తమ్మా. సగం ఆయన మీద."

"సగమేనా?" అని కొడుకు వైపు గర్వంగా చూసింది.

అప్పుడే నేనూ సరిగ్గా చూశాను. ఆ ఏడాదంతా కోపంతోనే గడిచిందని నా లెక్క. నేసి ముందర పెడితే ఎక్కడ చూసినా పసుపే. ఎంత సంతోషంగా బతుకుతున్నానో నాకే తెలియలేదు! పుస్తకం ఇంట్లోనే ఉండిపోవడంతో తొర్రూరు రోజుల గడులు ఖాళీగా ఉండాలి. అక్కడా పసుపే ఉంది.

"మర్సిపోయినవేమో అని నేనే ఏసిన" అన్నారు మామయ్య.

ఆ బుజ్జిదాన్ని ఎత్తుకున్న రోజులకు సరిగ్గా ఆ రంగే కావాలి. కళ్లు చెమర్చాయి, నవ్వు మాత్రం ఆగలేదు.

విప్పి మళ్లీ నేసే వ్యవధి లేదు, సేటు రానే వచ్చాడు. జంపఖానా నేల మీద పరిచాం. చుట్టూ తిరిగాడు, వంగి తడిమాడు. నా ఒక్క అవకాశం నేల మీద ఉంది, అదీ పొరపాటున వచ్చింది.

"గిసొంటిది ఇంకోటి కావాలె. నెలాఖరుకు" అన్నాడు.

"ఏడాది పడ్తది సేటూ" అన్నారు మామయ్య.

"ఏడాదెందుకు?"

"ఊకె గీసేది కాదు గది. మా కోడలు దినాం బతికి ఏస్తది. తొందరపెడ్తె ఎర్రగొస్తది."

సేటుకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "మరి అప్పటిదాక?"

"అప్పటిదాక ఆమె గీసిన చిలకలున్నయి. అవి అయిపోతె ఇంకోటి గీస్తది."

మళ్లీ అడగద్దన్న మనిషి, నేను అడగకుండానే ఆ మాట అన్నారు. వంటింట్లోకి పరుగెత్తి అత్తమ్మను గట్టిగా వాటేసుకున్నాను.

"ఇడువవే, పప్పు మాడుతాంది!"

"మాడనీ" అన్నాను.