నిమ్మకాయ తొక్కించని సైకిలు

సైకిలు తొక్కడం నా హాబీ అని నాకే తెలియదు. అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటరు భాష పైపైన నేర్పిన ఇన్‌స్టిట్యూటువాడు నా రెజ్యూమేలో లేని నాలుగేళ్ల అనుభవం రాశాడని తెలుసు. అడుగున హాబీలు కూడా వాడే రాశాడని చూసుకోలేదు, నా బుద్ధి తగలెయ్య.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని భయపడి, మెల్‌బోర్న్‌లో మమ్మల్ని నెత్తిన పెట్టుకున్న రోజులవి. నా ఆర్నెల్ల కాంట్రాక్టు ముగుస్తోంది. పొడిగింపు మీద మేనేజరు సంతకం పెట్టకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఆయనకేమో సైకిలు పిచ్చి. నా రెజ్యూమే, మా టీములోని వరంగల్ అతని రెజ్యూమే పక్కపక్కన పెట్టి చూసి, ఇద్దరికీ ఒకే హాబీ అని మురిసిపోయాడు. ఇన్‌స్టిట్యూటు ఒకటే మరి.

శనివారం మా ఇద్దరినీ ముర్రే నదికి తీసుకెళ్లాడు. ఇటు విక్టోరియా రాష్ట్రం, అటు న్యూ సౌత్ వేల్స్. సరిహద్దు వెంబడే బాణం గుర్తులు పెట్టిన సైకిలు దారి. సరిహద్దు అన్నాడు కదా అని నేను పాస్‌పోర్టు, వీసా కాగితాలు, డిగ్రీ ఒరిజినల్సూ ఫైల్లో పెట్టి బ్యాగులో వేసుకెళ్లాను. ఆయన మాకోసం రెండు కొత్త సైకిళ్లు తెప్పించాడు.

"అక్కా, నాకు సైకిల్ రాదు," అన్నాడు వరంగల్ అతను చెవిలో.

"నాకు మాత్రం వచ్చి ఏడిసిందా? నోరు మూసుకో."

కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ తొక్కించందే ఎక్కడం మా ఆచారం కాదని మేనేజరుతో చెప్పాను. ఆయన దిగులుగా ఒక బోర్డు చూపించాడు. తోటలకు పురుగు పట్టించే ఈగల భయంతో ఈ ప్రాంతంలోకి పళ్లు తేకూడదట. "అయితే నడిపించుకుంటూ వెళదాం," అని తన సైకిలు దిగాడు.

సరిహద్దు పొడవునా ముగ్గురం మూడు మంచి సైకిళ్లను తోసుకుంటూ నడిచాం. ఎదురొచ్చినవాళ్లు ఆగి, పంక్చరా అని అడిగారు. అందరికీ ఆయన నిమ్మకాయ సంగతి ఎంతో గౌరవంగా వివరించాడు. మూడోసారికి నాకు సిగ్గేసింది. వంతెన దగ్గర ఆగి చెప్పేశాను.

"నాకు సైకిలు రాదు. ఆ హాబీ నేను రాసింది కాదు."

ఆయన తన సైకిలును వంతెన కమ్మీకి ఆనించాడు. "మరి కోబాల్?" అన్నాడు.

వరంగల్ అతను తన సైకిలు చాటుకు జరిగాడు.

"వచ్చిన కొత్తలో రాదు. మీ ప్రోగ్రాములు చదివే నేర్చుకున్నాను. ఇప్పుడొచ్చు."

ఆయన నా సైకిలు సీటు గట్టిగా పట్టుకుని, "ఎక్కు," అన్నాడు.

విక్టోరియాలో ఎక్కి, న్యూ సౌత్ వేల్స్‌లో పడ్డాను.

సోమవారం పొడిగింపు మీద సంతకం పెట్టాక, ఆయన నా రెజ్యూమే తీసి, హాబీల దగ్గర సైకిలు అన్న మాట కొట్టేయబోయి ఆగాడు. పక్కన 'నేర్చుకుంటోంది' అని రాశాడు. పైన నాలుగేళ్ల కోబాల్ దగ్గరా అదే రాశాడు.