నాన్న వెనక మా వరస

చెప్పుల అరలో అట్టడుగున మా నాన్న బూట్లు ఇప్పటికీ ఉన్నాయి. వానలు మొదలవగానే వాటిలోంచి పాత పాలిష్, నానిన తోలు, దల్మా కొండ ఎర్రమట్టి కలిసిన వాసనొకటి లేస్తుంది. బిష్టుపూర్ బజార్లో నా మోటార్ల రిపేరు కొట్టు కట్టేసి ఇంటికొచ్చి తలుపు తీస్తే, నాకంటే ముందే ఎవరో లోపలికి నడిచి వెళ్లినట్టుంటుంది. వాటిని పారేస్తానని మా ఆవిడ ఏటేటా అంటుంది. పారెయ్యి, అవి నడుచుకుంటూ తిరిగొస్తే మాత్రం నన్నడక్కు అంటాను నేను. నవ్వుతుంది గానీ పారెయ్యదు.

మా నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లెలో పుట్టి, మీసాలు సరిగ్గా రాకముందే సైన్యంలో చేరి, యుద్ధంలో శత్రువులు పాతిన మందుపాతరలను వెతికి తీసే పని చేసి, అక్కడే ఇంజనీరింగ్ చదువుకుని, సైన్యం వదిలాక జంషెడ్‌పూర్ ఉక్కు కార్ఖానాలో ఇంజనీరయ్యాడు. అలాంటాయన కొడుకునై ఉండి నేను ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేశాను. భూమిలో దాచినవన్నీ కనిపెట్టిన మనిషి నా సంచిలో దాచిన మార్కుల కార్డు కనిపెట్టలేడని ఏ ధైర్యంతో అనుకున్నానో!

అప్పుడు జంషెడ్‌పూర్‌లోనే కాసిడీహ్ పేటలో ఉండేవాళ్లం. పొద్దున్న కార్ఖానా భోంపూ కూయగానే వీధి వీధంతా సైకిలెక్కేది. పొద్దుగూకాక కొలిమిలో కరిగిన ఇనప మడ్డి పారబోస్తే ఆకాశం దానిమ్మ గింజలా ఎర్రబడేది. ఎండాకాలం అమ్మ చాపల మీద ఆరబెట్టిన మామిడితాండ్రపై సన్నటి ఇనప రజను వాలేది, దాన్ని తినే మా పళ్లు అంత గట్టిపడ్డాయని నా సిద్ధాంతం. విశ్వకర్మ పూజనాడు మాత్రం కార్ఖానా గేట్లు మాలాంటి కుటుంబాలకు కూడా తెరిచేవాళ్లు. బంతిపూల దండలు వేయించుకున్న యంత్రాల మధ్య, చేతిలో వేడి బూందీ పొట్లంతో, ఒకరి వెనక ఒకరం నడిచేవాళ్లం.

ఒకరి వెనక ఒకరం, అదీ అసలు సంగతి. కొత్త చోటు ఏదైనా సరే, ముందు నాన్న, ఆయన కాలు పడినచోటే కాలు వేస్తూ అమ్మ, తర్వాత అక్క, చివర నేను. సెలవొస్తే ఆయన ఇంట్లో కూర్చునే రకం కాదు. అమ్మని వెనకెక్కించుకుని మోటారుసైకిలు మీద పూరీ దాకా వెళ్లొచ్చేవాడు, వరదలో సువర్ణరేఖ నది ఈదేవాడు, చలికాలమంతా మమ్మల్ని దల్మా ఎక్కించేవాడు. దారిలేని చోట, సాల చెట్ల మధ్య, ఆ పెద్ద బూటు జాడల్లో నా చిన్న కాళ్లు గెంతి గెంతి పెట్టుకుంటూ నేను కోరింది ఒక్కటే: ఒక్కసారి వరసకి ముందు నడవాలి.

“నాన్నా, ఈసారి నాను ముందెల్తాను.”

“నువ్వే ముందెలిపోతే మరి నానెందుకురా? నడు, నడు, అడుగు తప్పకు.”

కొండెక్కాక వెనక్కి తిరిగి మమ్మల్ని ఒక్కొక్కర్నే చూసుకునేవాడు. చివరివాణ్ణి నేను. అయినా ఆయన చూపు నా దగ్గర ఆగేది కాదు, నన్ను దాటి ఇంకా దిగువకి పోయేది.

“ఎవరి కోసం నాన్నా?”

“ఇంకొకడు రావాల్రా.”

తిరిగి చూస్తే చెట్లు, ఎండాకులు. దిగేటప్పుడు దారి పొడుగునా నా వెనక ఆ ఆకులు నలుగుతున్నట్టే ఉండేది.

ఒక చలికాలం, అక్కని నవ్విద్దామని వరసలోంచి పక్కకి దూకి, “ఢాం!” అని అరిచి వెల్లకిలా పడ్డాను. అక్క పకపకా నవ్వింది. చూస్తే నాన్న నేల మీద బోర్లా ఉన్నాడు, ఒక్కో చేత్తో అమ్మనీ అక్కనీ అదిమిపట్టి, మొహం మట్టిలో పెట్టుకుని. ఎంతకీ లేవలేదు. లేచాక తిట్టనూ లేదు, కొట్టనూ లేదు. బట్టలు దులుపుకుని, “రా, తిందాం,” అన్నాడు. కేరేజీ మూత మాత్రం ఆయన చేతులకి రాలేదు, అమ్మే తీసింది.

దిగేటప్పుడు అమ్మ నా చెవిలో చెప్పింది: “సింహాచలమని ఆళ్లూరోడేరా. నీలాటోడే, అన్నిటికీ పరాచికాలే. పటాలం వరసలో ఆడే ఆకరోడు. అందర్నీ నవ్విద్దావని ఒక్కడుగు పక్కకేసేడంట.”

తొంభై దాటి, మోకాళ్లు మొరాయించాక కూడా నాన్న, మంచం నుంచి వాకిలి దాకా వెళ్లాలన్నా “నా ఎనకాల రా” అనేవాడు. చంకల కింద చేతులేసి ఆయన్ని మోస్తూ నేను వెనకే నడిచాను.

ఆయన పోయిన రోజు నిప్పుకుండ నా చేతికిచ్చి, ముందు నడవమన్నారు. చిన్నప్పట్నుంచీ అడిగింది అప్పటికి దొరికింది. సువర్ణరేఖ ఒడ్డున తడి ఇసక మీద నా ముందు ఒక్క జాడ లేదు. కాలు ఎక్కడ మోపాలో తెలీక నిలబడిపోతే, “నడువు బావా, ఏటలా సూత్తన్నావు?” అన్నాడు పాడె మోస్తున్న మా మేనబావ. తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదన్నారు. చూడలేదు. వెనక అడుగుల చప్పుడు వినపడకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

మొన్న మా అబ్బాయి, మనవలూ నన్ను దల్మాకి తీసుకెళ్లారు. కారు పైదాకా పోతుంది. మేం నడిచిన దారిని లాంటానా పొదలు మింగేశాయి. ఎర్రమట్టిలో జాడలు పెట్టేవాళ్లే లేరు. పిల్లలు ఒకడటు, ఒకడిటు ఫోన్లు పట్టుకుని పరిగెత్తారు. బయల్దేరేముందు అందర్నీ ఒకసారి చూసుకున్నాను. చూపు అక్కడ ఆగలేదు.

“నాన్నా, కిస్‌కో దేఖ్ రహే హో?” అన్నాడు మా అబ్బాయి, ఎవర్ని చూస్తున్నావని.

“ఇంకిద్దరు రావాల్రా.”

“ఫిర్ మజాక్!” అని నవ్వాడు. జన్మంతా జోకులేసినవాడి మాట ఎవరు నమ్ముతారు? అందరూ నవ్వుకుంటూ కారెక్కారు. నేను కూడా ఎక్కి, వెనక తలుపు కాసేపు తెరిచే ఉంచాను.