గోదాట్లో కలిపిన తాటాకులు

మా నాన్నగారు వైద్యులు. ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెలో మా ముత్తాతగారి కాలం నుంచీ మాది వైద్యం చేసే ఇల్లు. అమ్మ పోయిన ఏడాదే నాకు రాజమండ్రిలో కాలవల కచేరీలో నకళ్లు రాసే పని దొరికింది. ఆయన్ని ఒంటరిగా వదలలేక నాతో తీసుకొచ్చాను. గోదావరికి నాలుగు వీధుల ఇవతల ఒక పెంకుటింటి వెనక భాగం అద్దెకు తీసుకున్నాం. రెండు గదులూ ఒక వసారా. ముందు భాగంలో ఇంటాయన, ఆయన సంసారం, ముసలి తల్లి ఉండేవారు. మా రెండు భాగాలకూ మధ్య ఒక తలుపుండేది. దాని గడియ వాళ్ల వైపే.

ఊరి నుంచి నాన్నగారు తెచ్చుకున్నవి మందులు నూరే కల్వం, మూలికల పెట్టె, నాలుగు తాటాకు కట్టలు. మొదటి రెండు కట్టలు ముత్తాతగారివీ తాతగారివీ. తక్కినవి ఆయన ముప్పై ఏళ్లపాటు గంటంతో తన చేత్తో రాసుకున్నవి. ఏ రోగికి ఏ మందు పట్టింది, ఏది పట్టలేదు, ఎవరికి ఎంత ఇచ్చారు, అన్నీ అందులోనే. పాత ధోవతిలో చుట్టి అటక మీద పెట్టుకున్నారు.

"ఆకులు చివికిపోతున్నాయిరా. నీ దస్తూరీ బావుంటుంది. కాగితం మీదికి ఎక్కించకూడదూ?" అని చాలాసార్లు అడిగారు.

"వేసవి సెలవులు రానివ్వండి నాన్నగారూ" అనేవాణ్ణి. రెండు వేసవులు వెళ్లిపోయాయి. రోజంతా దొరల ఉత్తరాలకు నకళ్లు రాసి వచ్చిన చేతికి ఇంట్లో మళ్లీ కలం పట్టాలంటే విసుగు. ఇంతకంటే నేను చెప్పుకోగల సాకు లేదు.

పుష్కరాలు వస్తున్న ఏడాది అది. ఆ ఎండాకాలం చివర కోరుకొండలో ఒక పాత రోగికి జబ్బు తిరగబెట్టిందని కబురొస్తే నాన్నగారు బయలుదేరారు. నేనూ వెంట వెళ్లాను. వీధివైపు తలుపుకు తాళం వేసుకున్నాం. మధ్య తలుపు సంగతి మాకు తోచనేలేదు. మూడు రోజులు అనుకున్నది పది రోజులయింది.

తిరిగొచ్చి తాళం తీయగానే గుప్పున సున్నం వాసన. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. మంచం చోటు మారింది. మూలికల పెట్టె వసారాలో ఉంది. నాన్నగారు పీట వేసుకుని అటక మీదికి చెయ్యి చాపి తడిమారు. ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిమారు. తరవాత పీట దిగి, దాని మీదే కూర్చుండిపోయారు.

ఈలోగా మధ్య తలుపు తీసుకుని ఇంటాయన వచ్చాడు. "వచ్చారాండీ వైద్యులు గారూ! పుష్కరాలకి చుట్టాలు దిగుతారు కదండీ, ఇల్లంతా ఒకేసారి సున్నం వేయించేశాను. మీ భాగం వదిలేస్తే బావుండదని..."

"అటక మీద కట్టలుండాలండీ" అన్నాను.

"అవి మా అమ్మ చూసిందండీ" అన్నాడు.

వెనకనే ఆవిడ వచ్చింది. ఉబ్బసం మనిషి, నాలుగడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేది. మేం ఆ ఇంట్లో దిగినప్పటి నుంచీ ఆవిడకు మందు నాన్నగారిదే. "పురుగు పట్టిపోయాయి బాబూ, ముట్టుకుంటే పొడి రాలుతోంది. అలాంటివి ఇంట్లో ఉంటే అరిష్టం. ఎవరి చేతా పారేయించలేదు నాయనా. నేనే బండి కట్టించుకుని పట్టుకెళ్లి పసుపూ కుంకం పెట్టి, పువ్వులేసి, దణ్ణం పెట్టి గోదాట్లో కలిపాను. అక్షరం కదా, అగ్గిలో వేస్తే పాపం" అంది. మంచి పని చేశానన్న తృప్తి ఆవిడ మొహంలో ఇంకా ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ ఉబ్బసం మందు కూడా అందులోనే ఉందండీ!" అని అరిచాను.

ఆవిడ మొహం పాలిపోయింది. గోడ పట్టుకుంది. నాన్నగారు గబుక్కున లేచి, "లేదమ్మా, వాడికేం తెలుసు. మీ మందు నాకు కంఠతా వచ్చు. మీరు భయపడకండి" అన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "నా చేతులు విరిగిపోనూ" అనుకుంటూ లోపలికి వెళ్లింది. ఇంటాయన తల దించుకుని నిలబడ్డాడు. ఆ తరవాత మా భాగంలోకి రావాలంటే ముందు దగ్గి, పిలిచి, మేం రమ్మంటేగాని అడుగు పెట్టేవాడు కాదు.

నేను రేవుకు పరుగెత్తాను. అప్పటికే వారం దాటింది. కొత్తనీరు ఎర్రగా పరుగులు తీస్తోంది. పడవవాళ్లను అడిగితే, "ఇంకెక్కడండీ, ఆనకట్ట దాటిపోయుంటాయి" అన్నారు.

ఆ వారమే దొడ్డు కాగితాలు కొని పుస్తకం కుట్టాను. సాయంత్రాలు ఆయన చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. కొంతదూరం గలగలా చెప్పి హఠాత్తుగా ఆగిపోయేవారు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మందు తిన్నవాళ్లకు గుర్తుండదా? ఆదివారాలు పాత రోగుల ఇళ్లకు తిరగడం మొదలుపెట్టాను. ఒక పడవవాడి భార్య, "మిరియాలు ఏడండి, తేనెలో నాకించారు" అంది. వాళ్లాయన పక్క నుంచి, "ఏడెక్కడే, తొమ్మిది" అన్నాడు. ఇద్దరూ నా ముందే వాదులాడుకున్నారు. ఇంటికొచ్చి చెబితే నాన్నగారు నవ్వారు. ఆకులు పోయాక ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను.

చలికాలం రాగానే ఇంటాయన తల్లికి ఆయాసం ఎక్కువైంది. నాన్నగారు రోజూ మందు నూరి తనే పట్టుకెళ్లేవారు. ధర్మాసుపత్రికి తీసుకెళ్లమని ఇంటాయనకు రెండుసార్లు చెప్పారు. ఆవిడ ఒప్పుకోలేదు. "దొరల మందు నాకొద్దు. నాకు నీ చెయ్యి చాలు" అంది.

ఒకరోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ మందు మింగి, "రుచి మారినట్టుందే బాబూ?" అని అడిగింది.

"చలికి నోరు అలాగే ఉంటుందమ్మా" అన్నారు నాన్నగారు.

"అంతేలే. ఆకులు పోయినా మందు కంఠతా వచ్చన్నావు చూడు, ఆ మాటే నన్ను బతికించింది. లేకపోతే ఆ పాపం మొయ్యలేకపోదును" అంది.

పుష్యమాసంలో ఒక ఉదయం ఆవిడ పోయింది. దహనానికి వెళ్లొచ్చి స్నానం చేశాక నాన్నగారు వసారాలో కూర్చుని, "నేను నాభి వెయ్యలేదురా" అన్నారు.

నాభి విషపు దుంప. శుద్ధి చేసి, గురివింద గింజ ఎత్తులో ఏ కొద్ది వంతో మాత్రమే మందులో కలుపుతారు. ఆవిడ మందుకు బలం అదే.

"ఎందుకు వెయ్యలేదు?"

"ఆకు చూసుకుని వేసినన్నాళ్లూ ఎంత వెయ్యాలో తెలుసుననే అనుకున్నాను. ఆకు లేకుండా తూచబోతే చెయ్యి ఆగిపోయింది. కాస్త ఎక్కువైతే ఆ మందే చంపుతుంది."

"వేసుంటే బతికేదా నాన్నగారూ?"

"ఏమో. బతికేదేమో." తడి జుట్టు తుడుచుకుని మళ్లీ అన్నారు, "ఆవిడతో అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది. ఆసుపత్రికైనా వెళ్లేది."

ఆ తప్పు ఆయన నా మీద పెట్టలేదు. కానీ ఆ రోజు నేను అరవకపోయి ఉంటే ఆయనకు అబద్ధమాడే అవసరమే వచ్చేది కాదు. ఆ అటక మీదివి కాగితం మీదికి ఎక్కించి ఉంటే ఇదేదీ లేదు. ఇది ఆయనతో ఎప్పుడూ అనలేకపోయాను.

తరవాత ఆయన మందు ఇవ్వలేదు. ఎవరొచ్చినా కూర్చోబెట్టి, నాడి చూసి, "ధర్మాసుపత్రికి వెళ్లండి" అని పంపేసేవారు. కొన్నాళ్లకు రోగులు రావడం మానేశారు. మరుసటేడు నన్ను భీమవరం వైపు కాలవల పనికి బదిలీ చేశారు. ఆయనా వచ్చారు. అక్కడ ఆయన వైద్యులని ఎవరికీ చెప్పనివ్వలేదు.

పుస్తకం రాయడం మాత్రం మానలేదు. ఒకసారి నాభి కొలత దగ్గర ఆగి, తరవాత గుర్తొస్తే రాద్దామని నేను చోటు వదిలిపెట్టాను. ఆయన చూసి, "ఖాళీ వదలకు. ఖాళీ కనిపిస్తే ఎవడో ఒకడు నింపుతాడు. తెలియదు అని రాయి" అన్నారు.

అలాగే రాశాను. నలభై పుటల పుస్తకంలో ఆ మాట పదకొండు చోట్ల ఉంది. అక్కడికి వెళ్లిన రెండో ఏడు వానాకాలంలో ఆయన జ్వరంతో పోయారు. తనకు తను కూడా మందేమీ చెప్పుకోలేదు.